ఢిల్లీ ప్రేమకథల్లో జరిమానా కట్టేదెవరు?

జగన్నాథ పండితరాయల కథను తెలుగిళ్ళలో రెండు ముక్కలుగా చెప్పుకుంటారు. మొదటి ముక్క నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికి. కోనసీమ ముంగండ నుంచి వెళ్ళిన ఉపద్రష్టవారి పిల్లవాడు ఢిల్లీ పాదుషా షాజహాన్ చేత పండితరాజ బిరుదు పొందాడన్నది అది. రెండోది గొంతు తగ్గించి చెప్పేది. పాదుషా చదరంగం ఆడుతుంటే మంచినీళ్ళు తెచ్చిన లవంగి అనే ముస్లిం పిల్ల మీద ఆయన మనసు పారేసుకున్నాడు. ఏం కావాలో కోరుకోమంటే ఆ పిల్లనే కోరాడు. కాశీ పండితులు వెలివేశారు. అప్పుడు గంగ ఒడ్డున యాభై రెండు మెట్ల పైన లవంగితో కూర్చుని గంగాలహరి చదివితే, శ్లోకానికి ఒక్కో మెట్టు చొప్పున గంగ ఎక్కివచ్చి ఇద్దరినీ తనలో కలుపుకుంది.

కథగా దీనికి వంక పెట్టలేం. చరిత్రగా మాత్రం నిలబడదు. వెలివేసినవాడిగా అప్పయ్య దీక్షితుల పేరు చెబుతారు గానీ, ఆయన కాలాన్ని ఎంత ఇవతలికి జరిపినా 1626 దాటదు. షాజహాన్ గద్దె ఎక్కిందే 1628లో. జగన్నాథుడు తన గ్రంథాల్లో అప్పయ్యను దుయ్యబట్టిన మాట నిజమే. ఆ శాస్త్ర వైరాన్ని తరవాతివాళ్ళు కాశీ ఘాట్ మీది ఎదురెదురు పోట్లాటగా మార్చేశారు. లవంగి పేరిట వినిపించే శ్లోకాలు చాటువులుగా తిరుగుతున్నవే తప్ప, జగన్నాథుడి భామినీ విలాసంలో స్థిరంగా నిలిచినవి కావు. అన్నిటికన్నా పెద్ద చిక్కు షాజహాన్‌తోనే. 1634లో కశ్మీరు నుంచి తిరిగివస్తూ భింబర్ ప్రాంతంలో హిందువులూ ముస్లింలూ పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారని తెలిసి, ముస్లిం భార్య ఉన్న హిందువు మతమైనా మారాలి, భార్యనైనా వదలాలి అని ఫర్మానా ఇచ్చిన పాదుషా ఆయన. అక్కడి జమీందారు మతం మారి పదవి నిలుపుకున్నాడని ఆస్థాన చరిత్రకారులే రాశారు. అలాంటి ప్రభువు మతం మారని బ్రాహ్మణ కవికి ముస్లిం పిల్లను నవ్వుతూ చేతిలో పెట్టాడంటే నమ్మడానికి కొంచెం ఓపిక కావాలి.

భామినీ విలాసంలో కరుణ విలాసం అని ఒక భాగం ఉంది. చనిపోయిన భార్యను తలచుకుని ఏడ్చే భాగం. సొంత ఇల్లాలి మీద, అందులోనూ పోయిన ఇల్లాలి మీద, సంస్కృత కవి అంత సూటిగా దుఃఖపడడం అరుదు. అయినా దాని మీద ఎవరూ సినిమా తీయలేదు. నెల్లూరువాడైన వై.వి. రావు 1946లో తమిళంలో ‘లవంగి’ తీశాడు. జగన్నాథుడు తానే, లవంగి కుమారి రుక్మిణి. 1960లో విద్యాధర్ గోఖలే మరాఠీలో ‘పండితరాజ్ జగన్నాథ్’ అనే సంగీత నాటకం రాశాడు. జనానికి కావలసింది లవంగి. లవంగి అంటే గంగ, మెట్లు, మునక.

ఆ మునకలో ఒక సౌకర్యం ఉంది. గంగ పవిత్రం చేస్తుంది, చంపేస్తుంది కూడా. ఒక్క అలతో కవి మనవాడైపోతాడు, పెళ్ళి మాత్రం మన ఇంటి గడప తొక్కదు. వాళ్ళు బతికి ఉంటే పిల్లలు పుట్టేవాళ్ళు, ఆ పిల్లలకు పేర్లు పెట్టాలి, పెళ్ళిళ్ళు చేయాలి, పోయినప్పుడు పూడ్చాలో కాల్చాలో తేల్చాలి. కథకుడికి అంత ఓపిక ఎక్కడిది? ఢిల్లీ చుట్టూ అల్లిన చారిత్రక ప్రేమకథలను వరసపెట్టి చదివితే, రాసినవాడు లండన్ వాడైనా, కలకత్తా వాడైనా, మన రంగస్థలం వాడైనా, ఈ తొందరే కనిపిస్తుంది. ప్రేమను మతం గోడ దాటనిస్తారు. దాటినందుకు జరిమానా వేస్తారు. ఆ జరిమానా దాదాపు ప్రతిసారీ అవతలి మతం ఆడపిల్లే కడుతుంది. లవంగి కథలో కవి కూడా మునిగాడు, అంతవరకు మనవాళ్ళు కాస్త నయం.

పాశ్చాత్యులు ఈ కథలకు ముడిసరుకు పోగేసుకున్నది షాజహాన్ అంతఃపురం దగ్గరే. ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే వచ్చేసరికి షాజహాన్ కొడుకుల మధ్య గద్దె కోసం యుద్ధం జరుగుతోంది. అంతకు చాలా ఏళ్ళ ముందు జరిగిందంటూ ఆయన విని రాసిన కథ ఇది: పాదుషా కూతురు జహనారా గదిలోకి ప్రియుడు వచ్చాడు, హఠాత్తుగా తండ్రి వచ్చాడు, దాక్కోవడానికి చోటు లేక ప్రియుడు స్నానాల కాగులో దూరాడు, సంగతి పసిగట్టిన పాదుషా కాగు కింద మంట పెట్టించాడు. ఇటలీ నుంచి వచ్చిన మనూచీ, తానేమీ తక్కువ పుకార్లు రాయనివాడే, బెర్నియే రాసిన అంతఃపురం కబుర్లను కొట్టిపారేశాడు. అయినా ఆ కాగు చల్లారలేదు. తరవాతి కాలంలో అదే కాగు జహనారా మేనకోడలు, ఔరంగజేబు కూతురు జేబున్నీసా గదిలోకి చేరింది. ఈసారి అందులో ఉడికిన ప్రియుడు ఆకిల్ ఖాన్. అసలు ఆకిల్ ఖాన్ ఢిల్లీ సుబేదారుగా ఏళ్ళ తరబడి పనిచేసి 1696లో మామూలు చావు చచ్చాడు. జేబున్నీసా 1681 నుంచి చనిపోయిన 1702 దాకా ఎర్రకోట పక్కనున్న సలీంగఢ్‌లో బందీగా ఉంది. కారణం ప్రియుడు కాదు, తండ్రి మీద తిరగబడ్డ తమ్ముడు అక్బర్‌కు రాసిన ఉత్తరాలు. రాజకీయ ఖైదీని విరహిణిగా మార్చడం కథకులకు ఎంత తేలికో చూడండి. 1913లో లండన్‌లో అచ్చయిన ఆమె కవితల ఇంగ్లీషు సంపుటి, ముందుమాటతో సహా, ఈ విరహిణి బొమ్మనే ఊరూరా తిప్పింది. ఆమెను పాతిపెట్టిన తోట తీస్ హజారీ వైపు ఉండేది. రైలు దారి వేసేటప్పుడు సమాధి పోయింది.

జహనారా విషయంలో జరిగిన అన్యాయం ఇంకా సూక్ష్మమైనది. ఆమె తన ప్రేమ గురించి తానే రాసుకుంది. అజ్మీరు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ మీద ఒక పుస్తకం, ఆ వెంటనే తన గురువు ముల్లా షా మీద మరొకటి. అప్పటికి ఇరవై ఆరేడేళ్ళ పిల్ల. కశ్మీరులో ఉన్న ఆ ఖాదిరీ గురువును దూరం నుంచి చూసి మనసు నిలిపినది, ఉత్తరాలు రాసి దీక్ష అడిగినది, ఆయన రూపాన్ని కళ్ళ ముందు నిలుపుకుని రాత్రంతా ధ్యానంలో కూర్చున్నది, అన్నీ అందులో ఉన్నాయి. ప్రేమకథలో ఉండాల్సిన చూపు, నిరీక్షణ, ఉత్తరం, నిద్ర లేని రాత్రి అన్నీ ఉన్నాయి. మగవాడు మాత్రం పీరు. ఇది పాశ్చాత్య నవలకు సరిపోలేదు. స్వీడన్ రచయిత్రి ఆంద్రేయా బుటెన్‌షోన్ ఆమెకొక రాజపుత్రుణ్ణి వెతికిపెట్టింది. 1931లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకం ఆగ్రా కోటలో రాళ్ళ మధ్య దొరికిన జహనారా ఆత్మకథ అన్నట్టు నడుస్తుంది. ప్రియుడు బూందీ రాజు ఛత్రసాల్. ఆయన 1658లో సాముగఢ్ యుద్ధంలో జహనారా తమ్ముడు దారా పక్షాన పోరాడి చనిపోవడం నిజం గనక కథకు ముగింపు తేరగా దొరికింది. నవలని నవలగా చదివితే గొడవ లేదు; చాలామంది దాన్ని నిజంగా జహనారా రాసిందే అనుకున్నారు. నిజాముద్దీన్ దర్గా ఆవరణలో ఆమె సమాధి చూస్తే ఆమె ఎవరి పక్కన ఉండాలనుకుందో తెలుస్తుంది. పాలరాతి జాలీల మధ్య, పైన కప్పు లేదు, సమాధి నడిమి భాగం మట్టితో ఉంటుంది. చిష్తీల శిష్యురాలినని రాతిపలకలో తానే చెప్పుకుంది. బెర్నియే చదివి వచ్చిన పర్యాటకులు కాగు గురించి అడుగుతారు. ఆమె పుస్తకాలు అడిగినవాళ్ళను నేను చూడలేదు.

ఇక రోషనారా. ఆమె పేరు మన నాటకాలవాళ్ళకు బాగా తెలుసు. 1836లో హోబర్ట్ కాంటర్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ‘రొమాన్స్ ఆఫ్ హిస్టరీ: ఇండియా’ అని కథల సంపుటాలు అచ్చువేశాడు. అందులో ఒక మరాఠా నాయకుడి కథలో ఔరంగజేబు కూతురు శివాజీ చేతికి చిక్కి అతన్ని ప్రేమిస్తుంది. దాన్ని పట్టుకునే భూదేవ్ ముఖోపాధ్యాయ బెంగాలీలో ‘అంగురీయ వినిమయం’ రాశాడు. అందులో రాకుమారి పేరు రోషినారా, గుర్తుగా ఉంగరాలు మార్చుకుంటారు, పెళ్ళి మాత్రం జరగదు. తెలుగులో కొప్పరపు సుబ్బారావు ‘రోషనార’ రాస్తే స్థానం నరసింహారావు ఆ పాత్ర కట్టి ఊళ్ళను ఊపేశాడు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి సరసన స్థానం పేరు చెప్పగానే గుర్తొచ్చే పాత్ర ఇది. చరిత్రలో రోషనారా ఔరంగజేబు చెల్లెలో కూతురో కాదు, అక్క; పెళ్ళి చేసుకోలేదు; 1671లో చనిపోయింది. ఉత్తర ఢిల్లీలో తాను వేయించుకున్న తోటలోనే సమాధి ఉంది, చుట్టూ ఇప్పుడు క్రికెట్ ఆడే క్లబ్బు, సబ్జీమండీ గోల. శివాజీ 1666లో ఔరంగజేబు దర్బారుకు వచ్చింది ఆగ్రాకు. ఇద్దరూ ఎదురుపడ్డారనడానికి ఆధారం లేదు.

ఒక ఇంగ్లీషు మతాచార్యుడు ఊహించింది బెంగాలీ జాతీయవాదికి, తెలుగు రంగస్థలానికి ఎందుకు అంత నచ్చినట్టు? శత్రువు ఇంటి ఆడపిల్ల మన వీరుణ్ణి ప్రేమించడం గెలుపు లాంటిది. యుద్ధంలో తేలని లెక్క ప్రేమలో తేలుతుంది. పెళ్ళి మాత్రం జరగకూడదు. జరిగితే మన వీరుడి వంశం ఏమవుతుంది? అందుకని ఆమె దూరం నుంచే ప్రేమిస్తుంది, త్యాగం చేస్తుంది, తెర పడుతుంది. ఇదే నాటకం ఆ కాలంలోనే ముస్లిం ప్రేక్షకులకు ఎలా కనబడి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు.

ఈ అచ్చు మొదట పోత పోసింది వాల్టర్ స్కాట్. ‘ఐవాన్‌హో’ 1819లో వచ్చింది. యూదు పిల్ల రెబెక్కా గాయపడ్డ క్రైస్తవ వీరుడికి సేవ చేస్తుంది, ప్రేమిస్తుంది, మతం మారమంటే మారదు, చివరికి అతని పెళ్ళికూతురికి తన నగల పెట్టె ఇచ్చి గ్రెనడా వెళ్ళిపోతుంది. పాఠకులు స్కాట్‌ను తిట్టారు. థాకరే 1850లో ఎగతాళిగా ఒక కొనసాగింపు రాసి, రెబెక్కాకు మతం మార్చి మరీ పెళ్ళి చేశాడు. అంటే వెక్కిరించినవాడికి కూడా మతం మార్చకుండా పెళ్ళి చేయడం తోచలేదు. 1865లో బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’లో పఠాను నవాబు కూతురు ఆయేషా గాయపడ్డ రాజపుత్రుడు జగత్‌సింహుడికి సేవ చేస్తుంది, ప్రేమిస్తుంది, అతని పెళ్ళిలో తిలోత్తమకు నగలు పెడుతుంది. ఐవాన్‌హో అప్పటికి తాను చదవలేదని బంకిం అన్నాడు. ఆయన మాట నమ్ముదాం. ఆయేషా చివరన ఉంగరంలోని విషం తాగుదామా అనుకుని, ఆ ఉంగరాన్ని కోట అగడ్తలోకి విసిరేయడం బంకిం సొంత సొత్తు, నవల మొత్తంలో నాకు నచ్చిన పేజీ అదే. తాను చావనని ఆ పిల్ల తేల్చుకోవడం ఈ రకం కథల్లో అరుదు. తరవాత ఆయనే ‘రాజసింహ’లో జేబున్నీసాను విలాసినిగా చిత్రించి, ఆమె ప్రియుడు మొబారక్‌కు చావు రాసిపెట్టాడు.

1857 వచ్చాక ఇంగ్లీషు రచయితలకు ఢిల్లీ చేతినిండా పని కల్పించింది. నిజాం సర్కారు కొలువులో పైకొచ్చి, సురపురం వ్యవహారాలు చూసిన మెడోస్ టేలర్ 1872లో ‘సీత’ రాశాడు. ఇంగ్లీషు అధికారి సిరిల్ బ్రాండన్ హిందూ వితంతువు సీతను పెళ్ళాడతాడు. టేలర్‌కు ఈ దేశం తెలుసు, ఇక్కడి ఆడవాళ్ళంటే గౌరవం ఉంది, పెళ్ళి చేసే ధైర్యం చేశాడు. అయినా తిరుగుబాటులో మొగుడి మీదికి వచ్చిన ఆయుధానికి అడ్డుపడి సీత చనిపోవాల్సిందే, బ్రాండన్ తెల్లదొరసానిని చేసుకుని స్వదేశం చేరాల్సిందే. 1896లో ఫ్లోరా అన్నీ స్టీల్ ‘ఆన్ ది ఫేస్ ఆఫ్ ది వాటర్స్’ రాసింది. పంజాబులో ఏళ్ళ తరబడి ఉండి ఆడపిల్లల బడులు నడిపిన మనిషి. నవల కోసం మళ్ళీ వచ్చి సర్కారు కాగితాలు తిరగేసింది. ముట్టడిలో ఉన్న ఢిల్లీ సందులు, మిద్దెలు, ఎర్రకోట లోపలి కుట్రలు ఆమెకు కంఠతా వచ్చు. కథానాయకుడు జిమ్ డగ్లస్ జీవితంలో ముందు జోరా అనే ముస్లిం అమ్మాయి ఉంటుంది, కథ మొదట్లోనే చనిపోతుంది. అతను సతి నుంచి కాపాడిన రాజపుత్ర వితంతువు తార నవలంతా అతన్ని కనిపెట్టుకుని ఉంటుంది, చివర నిప్పులో పోతుంది. మిగిలేది కేట్ అనే దొరసాని. ఆమెను హిందూస్తానీ ఇల్లాలి వేషంలో ఢిల్లీ మిద్దె మీద దాచిన అధ్యాయాలు ఇప్పటికీ చదివిస్తాయి. ఇంగ్లీషు ఆడది కాళ్ళకు కడియాలు, నెత్తిన ముసుగు వేసుకుని ఆ జీవితంలో ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటుంది. వేషం ఉన్నంతసేపే ఆ మతం. ముట్టడి ముగియగానే విప్పేస్తుంది. తారకు విప్పుకోవడానికి ఏముంది?

అమెరికా పశ్చిమ భూముల కథలకు వస్తే ఈ లెక్క దాపరికం లేకుండా కనబడుతుంది. జేన్ గ్రే 1912 నవల ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’లో మోర్మన్ ఇంటి ఆడపడుచు జేన్‌ను సంఘం పెద్ద పెళ్ళాడాలని చూస్తాడు. ఆమె బయటివాడైన తుపాకీ మనిషి లాసిటర్‌తో పోతుంది. తరుముకొచ్చినవాళ్ళ మీదికి బండ దొర్లించి లోయ దారి మూసుకుని ఇద్దరూ లోపలే ఉండిపోతారు. ఇక్కడ విలను మతమే. 1979లో జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ నుంచి గాలి తిరిగింది. బండి ప్రయాణంలో భర్తను పోగొట్టుకున్న మార్టీ, తల్లి లేని పసిపిల్ల ఉన్న క్లార్క్‌ను అవసరం కొద్దీ పెళ్ళాడి, మెల్లగా అతన్నీ అతని దేవుణ్ణీ ప్రేమిస్తుంది. ఫ్రాన్సీన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ 1991లో వచ్చింది. బైబిలులోని హోషేయ కథను కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి మార్చిన నవల అది. తరవాత 1997లో క్రైస్తవ పాఠకుల కోసం పచ్చి మాటలు తగ్గించి మళ్ళీ వేశారు. వీటి వెనక బయలుదేరిన వందల నవలల్లో షరతు ఒకటే. ఇద్దరిలో ఒకరికి విశ్వాసం లేకపోతే, ఆ విశ్వాసం కుదిరాకే ప్రేమ కుదరాలి. ఆదివారాలు ఢిల్లీ గేట్ దగ్గర మహిళా హాట్‌లో పరిచే పాత పుస్తకాల కుప్పల్లో, అట్ట మీద గోధుమ చేను, నెత్తిన బానెట్ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంటే అది ఈ జాతిదే. వీటిని చులకన చేయడం నాకిష్టం లేదు. చావు బదులు మారుమనస్సు అడుగుతాయి, అంతే తేడా. కథ చివర ఇద్దరూ బతికే ఉంటారు, పొలం దున్నుకుంటారు, బిడ్డల్ని కంటారు. స్కాట్ చేయలేనిది ఇదే. ఆ చేనులో ఇంకో దేవుణ్ణి నమ్మేవాడికి మాత్రం చోటు లేదు.

ఇన్ని కథలు పుట్టిన ఢిల్లీలో నిజంగా జరిగింది చూస్తే ఎవరూ మునగలేదు. రెసిడెంటు డేవిడ్ ఆక్టర్లోనీ ఇల్లాలు ముబారక్ బేగం పూనా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, నాట్యకత్తెగా మారి, ముస్లిం అయి, క్రైస్తవ దొరతో కాపురం చేసింది. 1823 నాటికి హౌజ్ ఖాజీలో తన పేరిట మసీదు కట్టించింది. ఊరు దానికి నోటితో పలకలేని పేరు పెట్టింది. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. 2020 జూలై వానలకు దాని నడిమి గుమ్మటం కూలింది. జేమ్స్ స్కిన్నర్ స్కాట్లాండు తండ్రికి, రాజపుత్ర తల్లికి పుట్టి, అంతఃపురంలో పలు మతాల ఆడవాళ్ళతో ఉంటూనే కశ్మీరీ గేటు దగ్గర సెయింట్ జేమ్స్ చర్చి కట్టించాడు. 1836లో దాని ప్రతిష్ఠ జరిగింది.

అందరినీ మించినది బేగం సమ్రూ. ఢిల్లీ చావ్డీ బజారు ఆటగత్తె ఫర్జానా, రైన్‌హార్ట్ అనే యూరపు కిరాయి సైనికుడితో ఉండి, 1778లో అతను పోయాక అతని పటాలాన్నీ మీరట్ పక్కన సర్ధనా జాగీరునూ చేతిలోకి తీసుకుంది. 1781లో ఆగ్రాలో బాప్తిస్మం పుచ్చుకుని జోవన్నా అయింది. ఏ మొగుడి కోసమూ కాదు. అప్పటికి మొగుడు పోయి మూడేళ్ళు. 1793లో లెవసూ అనే ఫ్రెంచివాణ్ణి గుట్టుగా పెళ్ళాడింది. 1795లో పటాలం తిరగబడితే ఇద్దరూ పారిపోతూ, పట్టుబడితే చావాలని ఒప్పందం చేసుకున్నారు. ఆమె బాకుతో పొడుచుకుందని విని అతను తుపాకీ పేల్చుకుని చనిపోయాడు. ఆమె బతికింది. సిపాయిలు ఫిరంగి బండికి కట్టి ఎండలో నిలబెడితే, పాత కొలువుకాడు జార్జి థామస్ వచ్చి విడిపించాడు. నవలారచయిత రాస్తే మనం నమ్మం. అందుకే కాబోలు ఆమె మీద వచ్చిన నాటకాలకూ నవలలకూ ఆమెకన్నా బలం తక్కువ. ఆ తరవాత నలభై ఏళ్ళు పరిపాలించి 1836 జనవరిలో కన్నుమూసింది. చాందినీ చౌక్‌లో ఆమె భవనం ఇప్పుడు భగీరథ్ ప్యాలెస్, కరెంటు సామాన్ల టోకు బజారు.

సర్ధనా వెళ్ళినవాళ్ళు ఆమె కట్టించిన చర్చిలో సమాధి శిల్పాన్ని తీరిగ్గా చూడాలి. ఇటలీ శిల్పి టాడోలిని చెక్కిన పాలరాతి బేగం ఎత్తైన ఆసనం మీద తలపాగాతో కూర్చుని, చేతిలో చుట్టిన ఫర్మానా పట్టుకుని ఉంటుంది. కింద నిలువెత్తు మనుషులు: దివాను రాయ్ సింగ్, రౌతుల సర్దారు ఇనాయతుల్లా, ఒక కాథలిక్ బిషప్, దత్తుడు డేవిడ్ డైస్ సోంబర్. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు ఒకే రాతి దిమ్మ మీద, కొలువు చేస్తూ. నవంబరు జాతరకు మరియమ్మ దగ్గరికి చుట్టుపక్కల హిందూ ఆడవాళ్ళు కూడా కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు.

ఇదంతా చూసి ఆ రోజులు స్వర్ణయుగమని మురిసిపోనక్కర్లేదు. కథల్లో ఒక్క చావుతో తేలిపోయే లెక్క, చరిత్రలో పిల్లల మీద, ఆస్తి కాగితాల మీద ఏళ్ళ తరబడి సాగింది. బేగం దత్తుడు డైస్ సోంబర్ ఇంగ్లండు వెళ్ళి 1841లో పార్లమెంటుకు గెలిచాడు, లంచాల ఆరోపణతో మరుసటి ఏడే సీటు పోయింది, 1843లో పిచ్చివాడని తేల్చి ఆస్తి లాక్కున్నారు. తనకు మతి ఉందని నిరూపించుకోవడానికే 1851లో పోయేదాకా తిరిగాడు. హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1800లో ఖైరున్నీసాను ముస్లిం పద్ధతిలో పెళ్ళాడాడు. 1805లో పిల్లలిద్దరినీ ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు, అక్కడ బాప్తిస్మమిచ్చి పేర్లు మార్చారు. తల్లి మళ్ళీ వాళ్ళను చూడలేదు. విలియం డాల్రింపుల్ 2002లో ‘వైట్ మొగల్స్’గా ఈ కథ చెప్పినప్పుడు మన పత్రికలన్నీ ప్రేమకథ అన్నాయి. నాకు మాత్రం ఆ పుస్తకంలో మనసు పిండేసింది ఓడ దగ్గరి ఆ వీడ్కోలే.

ఇప్పటి రాజధాని ప్రాంతానికి ఈ లెక్క పాతబడలేదు. మతం వేరైన ఇద్దరు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముప్పై రోజుల నోటీసు పెట్టాలి. ఇద్దరిలో ఒకరు మతం మారి చేసుకుందామనుకుంటే యమున ఏ ఒడ్డున ఉన్నారన్నది ముఖ్యమవుతుంది. నోయిడా, ఘాజియాబాద్‌లలో 2020 నవంబరు ఆర్డినెన్సుతో మొదలై 2021లో చట్టమైన యూపీ నిబంధనల ప్రకారం అరవై రోజుల ముందు జిల్లా మెజిస్ట్రేటుకు చెప్పుకోవాలి. గురుగ్రామ్, ఫరీదాబాద్‌లకు 2022 నాటి హర్యానా చట్టం ఉంది. మధ్యనున్న ఢిల్లీలో అలాంటి చట్టం లేదు. ఒకే మెట్రో రైలు, మూడు న్యాయాలు.

అందుకే శంసుర్రహ్మాన్ ఫారూఖీ 2006లో ఉర్దూలో తెచ్చిన ‘కయీ చాంద్ థే సరే ఆస్మాఁ’ నాకు ఈ కోవ మొత్తానికి జవాబులా తోస్తుంది. తానే ఇంగ్లీషులోకి మార్చిన పుస్తకం 2013లో ‘ది మిర్రర్ ఆఫ్ బ్యూటీ’గా వచ్చింది. కథానాయిక వజీర్ ఖానం నిజంగా ఉన్న మనిషి. ఢిల్లీ పిల్ల. ముందు జైపూరులో ఇంగ్లీషు అధికారి బ్లేక్‌తో నికా లేకుండా కాపురం, ఇద్దరు పిల్లలు. అల్లర్లలో అతను చనిపోతే, అతని బంధువులు పిల్లల్ని తమ మతంలో పెంచుతామని ఉంచేసుకుంటారు. తరవాత ఇప్పటి నూహ్ జిల్లాలోని ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు శంసుద్దీన్. అదీ నికా లేని కాపురమే. కమిషనర్ విలియం ఫ్రేజర్ హత్య కేసులో 1835 అక్టోబరులో అతన్ని ఉరితీశారు. ఆ తరవాత రాంపూరులో ఒక షియా భర్త. అతన్ని ఠగ్గులు చంపేస్తారు. చివరికి బహదూర్ షా జఫర్ కొడుకు, యువరాజు మీర్జా ఫఖ్రూ. 1856లో అతనూ పోతాడు, పాదుషా భార్య జీనత్ మహల్ ఆమెను కోట ఖాళీ చేయమంటుంది.

నలుగురు మగవాళ్ళు పోతారు, వజీర్ మిగులుతుంది. రెబెక్కా నుంచి తార దాకా నడిచిన పద్ధతిని ఫారూఖీ తలకిందులు చేశాడు. ఆమె ఎవరి కోసమూ మతం మారదు, దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరినీ కాదనదు. నమాజు ఉంది, దర్గాలున్నాయి, హాఫిజ్ దీవాన్‌లో శకునం చూసుకోవడం ఉంది. అవి ఆమె రోజులో భాగం, కథకు అడ్డుకట్టలు కావు. ఒక మగవాడు కబురు పంపితే ఆమె ముందు అడిగేది తన హోదా ఏమిటి, తన పిల్లల గతి ఏమిటి అని. పిల్లల సంగతి మొదటి మాటలోనే ఎత్తే ప్రేమకథలు ఎన్ని చదివాం? లోపం లేదని కాదు. నగలు, జరీ, భవనాల వర్ణన మొదలుపెడితే ఫారూఖీ ఆపడు. వజీర్ గడప దాటేలోపు మనం రెండు పేజీలు దాటాలి. చిత్రకారుల వంశం కథతో మొదలయ్యే తొలి భాగంలో ఓపిక పట్టినవాళ్ళకే తరవాతిది దక్కుతుంది. విమర్శకుడిగా, చరిత్రకారుడిగా ఆయన బీరువాలో ఉన్నదంతా నవలలోకి వచ్చింది. నాకు అది భారం అనిపించలేదు. చాలామందికి అనిపించిందని విన్నాను.

శంసుద్దీన్ వల్ల వజీర్‌కు పుట్టిన కొడుకే దాగ్ దెహెల్వీ. కోటలో పెరిగి, ఢిల్లీ పోయాక రాంపూరు చేరి, అక్కడి నుంచి హైదరాబాదు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవితాగురువయ్యాడు. 1905లో ఇక్కడే పోయాడు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో సమాధి ఉంది. ఖైరున్నీసా ఉన్న రంగ్ మహల్ జాడలు ఒకప్పటి కోఠీ మహిళా కళాశాల ఆవరణలో, నాంపల్లికి ఆటో దూరం. చారిత్రక నవల రాయదలచిన తెలుగు రచయితకు ఢిల్లీ టికెట్టు ఖర్చు కూడా లేదు. కావలసింది లవంగికి ఒక కూతుర్ని పుట్టించి, ఆ పిల్ల పెళ్ళి దాకా కథ నడిపే ఓపిక.